పిల్లలు చాలని దేశం

బోర్డో నుంచి దక్షిణంగా ఓ 20 కిలోమీటర్లు వెళ్తే లా బ్రేద్ అనే ఊరొస్తుంది. ద్రాక్షతోటలు దాటి, పెద్ద చెట్ల నీడన కాస్త దూరం నడిచాక, నీళ్ళ నడుమ ఒక రాతికోట కనబడుతుంది. చుట్టూ ఉన్నది కందకమే గానీ దాని వెడల్పు చూస్తే మా కోనసీమ వాళ్ళు చెరువనే అంటారు. 1689లో మాంటెస్క్యూ పుట్టింది ఈ కోటలోనే. గ్రూప్స్ పరీక్షలకి పాలిటీ చదివినవాళ్ళకి ఆ పేరు అధికారాల విభజన అనే ఒక మార్కు ప్రశ్నగా గుర్తుంటుంది. నన్ను ఇంతదూరం రప్పించింది మాత్రం ఆయన కుర్రతనంలో, పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన ‘పర్షియన్ లేఖలు’. 1721లో వచ్చిన ఆ పుస్తకంలో యూరప్ చూడడానికి బయల్దేరిన ఇద్దరు పర్షియన్లు ఉత్తరాలు రాస్తూ ఉంటారు. అంతఃపురం గొడవలు, పారిస్ సోకులు, మతం మీద వెటకారం. వాటి మధ్య ఒకచోట వరసగా పది పదకొండు ఉత్తరాలు ఒకే సంగతి పట్టుకుంటాయి: లోకంలో జనం ఏమైపోతున్నారు?

వెనిస్ నుంచి రేదీ అనే కుర్రాడు ఆ ప్రశ్న వేస్తాడు. తాను లెక్క కట్టాననీ, పూర్వకాలపు జనంలో పదోవంతు కూడా ఇప్పుడు భూమ్మీద లేరనీ, ఇలాగే సాగితే ఇంకో వెయ్యేళ్ళకి భూమి ఎడారేననీ అతని బెంగ. ఆ ఇద్దరు పర్షియన్లలో ఒకడు, పారిస్‌లో ఉన్న ఉజ్బెక్, జవాబులు రాస్తాడు.

ఆ లెక్క తప్పు. మామూలు తప్పు కాదు, దిశే తలకిందులు. అప్పటి ఫ్రాన్స్‌లో 2 కోట్ల పైచిలుకు మనుషులున్నారు. 1789లో విప్లవం వచ్చేనాటికి వాళ్ళు 2 కోట్ల 80 లక్షల దాకా పెరిగారు. పెరుగుతున్న దేశంలో కూర్చుని తరిగిపోతున్నామని ఒక శతాబ్దమంతా విలపించారన్నమాట. దేశమంతటికీ జనాభా లెక్కలు లేని కాలం అది. మొదటి గణన 1801లో గానీ జరగలేదు. పైగా పెద్దవాళ్ళ జ్ఞాపకంలో 1693-94 కరువు ఉంది, 1709 నాటి చలి ఉంది. శవాలు చూసినవాడికి ఉయ్యాలలు కనబడవు.

నాకు ఆసక్తి ఆ తప్పు మీద కంటే, ఆ తప్పుని ఎవరి మీదికి ఎక్కుపెట్టారన్న దాని మీద. ఉజ్బెక్ కారణాలు చెబుతూ పోతాడు. తనవాళ్ళలో అంతఃపురాలు, వాటికి కాపలా ఉండే నపుంసకులు. క్రైస్తవుల్లో విడాకులు లేని పెళ్ళిళ్ళు, పెళ్ళే లేని మఠాలు. ఆస్తంతా పెద్దకొడుక్కే పోయే ఆచారం, జనాన్ని మింగే వలసదేశాలు. తిరిగి తిరిగి చివరికి వచ్చి ఆగేది పాలన దగ్గర. స్విట్జర్లాండ్, హాలండ్ లాంటి చోట్ల నేల అంతంతమాత్రమైనా స్వేచ్ఛ ఉంది గనక జనం పెరుగుతున్నారు, నిరంకుశుడి కింద పేదవాడు పిల్లల్ని కని ఏం చేసుకుంటాడు అన్నది అతని వాదం. 72 ఏళ్ళు ఏలి 1715లో కన్నుమూసిన 14వ లూయీ మీద అది అభియోగపత్రమే. రాజుని నేరుగా తిడితే జైలు. ఊళ్ళో మనుషులు తగ్గిపోతున్నారని బెంగపడితే ఎవరు ఏమనగలరు?

కోట మేడ మీద మాంటెస్క్యూ గ్రంథాలయం గది ఉంది, చెక్క కప్పుతో. పుస్తకాల్లో చాలామటుకు బోర్డో నగర గ్రంథాలయానికి చేరాయి. గైడు ఆ గదిలో చాలాసేపు చెప్పాడు, ద్రాక్షసారా వ్యాపారం గురించి కూడా చెప్పాడు. ఆ పది పదకొండు ఉత్తరాల ఊసెత్తలేదు. మహానుభావుల తప్పుడు లెక్కలు ఏ కోటలోనూ చూపించరు.

నిజానికి జనం కావాలన్న ఆరాటం మొదట రాజులదే. ఆ 14వ లూయీ మంత్రి కొల్బేర్ 1666లో ఒక శాసనం తెచ్చాడు. 20 ఏళ్ళ లోపే పెళ్ళాడినవాడికి కొన్నేళ్ళు పన్ను మినహాయింపు. పదిమంది పిల్లలున్న తండ్రికీ మినహాయింపే. ఆ పదిమందిలో ఎవరైనా సన్యాసం పుచ్చుకుంటే ఆ బిడ్డ లెక్కలోకి రాడు. రాజు కోసం యుద్ధంలో చనిపోతే మాత్రం బతికున్నట్టే లెక్క. రాజుకి పిల్లలు ఎందుకు కావాలో ఆ ఒక్క నిబంధనే చెప్పేస్తుంది. 1683లో ఆ శాసనాన్ని ఎత్తేశారు. చిన్న వయసు పెళ్ళిళ్ళంటే మా వైపు ముచ్చట ఒకటి గుర్తొచ్చింది. మాది యానానికి ఎదుటి గట్టు. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చాక, బాల్యవివాహాలు చేయాలనుకున్నవాళ్ళు బండ్లు కట్టుకుని ఫ్రెంచివాళ్ళ యానాం వచ్చేవారట. దానికి కల్యాణపురమనే పేరుండేదని మా పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. కొల్బేర్ చూసి ఉంటే సంతోషించేవాడు.

మాంటెస్క్యూ తర్వాత ఆ ఆయుధం చాలా చేతులు మారింది. 1756లో పెద్ద మిరబో జనాభా మీద లావుపాటి గ్రంథం రాసి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. 1762లో రూసో ‘సామాజిక ఒడంబడిక’లో దాన్ని సూత్రంగానే మార్చాడు. బయటివాళ్ళ రాకతో పనిలేకుండా ఏ పాలన కింద జనం ఎక్కువగా వృద్ధి అవుతారో అదే మంచి పాలన అని తేల్చి, కొలిచే పని లెక్కలవాళ్ళకి వదిలేశాడు. లెక్కలవాళ్ళు కొలిచారు కూడా. చర్చిల్లోని జనన పుస్తకాలు తిరగేసి, ఏటా పుట్టేవాళ్ళ సంఖ్యని 25, 26తో హెచ్చవేసి, జనం పెరుగుతున్నారని మొవో లాంటివాళ్ళు 1778 నాటికి చూపించారు. అటు స్కాట్లాండ్‌లో డేవిడ్ హ్యూమ్ 1752లోనే, ప్రాచీనకాలంలో జనం కిక్కిరిసి ఉండేవారన్న కథల్ని ఒక్కొక్కటీ చీల్చి చూపించాడు. అయినా బెంగ తగ్గలేదు. రాజుని నిలదీయడానికి తప్పుడు లెక్క పనికొచ్చినంతగా ఒప్పు లెక్క పనికిరాదు కదా.

బోర్డో నుంచి లిమోజ్ వైపు రైలెక్కాను. ఎదుటి సీట్లలో ముగ్గురు పిల్లలతో ఒక జంట. టికెట్లు చూడ్డానికి వచ్చినావిడకి తండ్రి ఫోన్లో ఒక కార్డు చూపించాడు. పెద్ద కుటుంబాల కార్డట. ముగ్గురు పిల్లలుంటే ఇంటిల్లిపాదికీ టికెట్ మీద 30 శాతం తగ్గింపు. నలుగురుంటే 40, అయిదుగురికి 50, ఆరుగురూ ఆపైన అయితే 75. 1921 నుంచీ నడుస్తోంది ఈ పద్ధతి. మా ఆంధ్రాలో ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ వార్డు మెంబరుగా కూడా నిలబడనివ్వరు, 1994 నుంచి చట్టం ఉంది అని వచ్చీరాని భాషలో చెప్పాను. ఆయన భార్యకి చెప్పాడు, ఆవిడ పిల్లలకి చెప్పింది, అందరూ నన్ను జాలిగా చూశారు.

1921 అన్న సంవత్సరాన్ని అర్థం చేసుకోవాలంటే క్రూజ్ జిల్లాలో ఏ ఊరి నడిబొడ్డునైనా నిలబడాలి. లిమోజ్‌కి తూర్పున, కొండలూ పచ్చికబయళ్ళూ తప్ప పెద్దగా ఏమీ లేని ప్రాంతం. ఇక్కడి మగవాళ్ళు తరతరాలుగా తాపీపనికి పారిస్ వలసపోయేవారు. పాలమూరు కూలీలు ఊరూరా కాలవలూ ఆనకట్టలూ కట్టినట్టు, పారిస్ గోడల్లో సగం వీళ్ళ చేతుల మీదుగానే లేచాయంటారు. 1851లో జిల్లా జనాభా 2 లక్షల 87 వేలు. ఇప్పుడు సుమారు లక్షా 15 వేలు. ఊళ్ళలో తలుపులు బిగించిన ఇళ్ళు, మూతపడిన బడులు.

జాంత్యూ అనే ఊరికి వెళ్ళాను. ఫ్రాన్స్‌లో ప్రతి ఊళ్ళోనూ మొదటి ప్రపంచయుద్ధ మృతుల స్మారకం ఉంటుంది. సాధారణంగా తుపాకీ పట్టిన సైనికుడో, కోడిపుంజో, విజయలక్ష్మి లాంటి బొమ్మో. ఇక్కడ మాత్రం ఒక బడిపిల్లాడు. చెక్కబూట్లు, ఒక చేతిలో టోపీ. రెండో చెయ్యి పిడికిలి బిగించి, చనిపోయినవాళ్ళ పేర్ల కింద చెక్కిన మాట వైపు చాపి ఉంటుంది. యుద్ధాన్ని శపించే మాట అది. ఆ పిల్లాడు తండ్రి పోయిన అనాథ. 1922లో పెట్టారు. ప్రభుత్వం తరఫున ఎవరూ ఆవిష్కరణకి రాలేదనీ, దగ్గర్లోని శిబిరానికి పోయే సైనికుల్ని ఇటు చూడకుండా తల తిప్పుకోమనేవారనీ చెప్పుకుంటారు. ఏటా నవంబరు 11న శాంతివాదులు ఇక్కడికి చేరతారు. నేను వెళ్ళేసరికి వాళ్ళు పెట్టిన పూలు ఇంకా పూర్తిగా వాడలేదు.

ఆ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సైనికులు 13 లక్షల పైనే. దానికి ముందునించే దేశం లెక్కలు చూసుకుని భయపడుతోంది, ఈసారి లెక్కలు సరైనవి. 1870 యుద్ధంలో జర్మనీ చేతిలో ఓడి, అల్సాస్, లోరేన్‌లు పోయాక ఫ్రాన్స్ జనాభా 3 కోట్ల 60 లక్షలు, జర్మనీది 4 కోట్ల 10 లక్షలు. 1911కి ఫ్రాన్స్ 4 కోట్ల దగ్గరే ఆగిపోయింది, జర్మనీ ఆరున్నర కోట్లు. 1890ల్లో కొన్నేళ్ళు, మళ్ళీ 1907లో, 1911లో పుట్టినవాళ్ళ కంటే పోయినవాళ్ళే ఎక్కువ. పారిశ్రామిక విప్లవం కోసం ఆగకుండా, యూరప్‌లో మిగతా అందరికంటే దాదాపు వందేళ్ళ ముందే ఫ్రెంచి రైతులు పిల్లల్ని తగ్గించుకున్నారు. పిల్లలందరికీ ఆస్తి పంచాలన్న 1804 నాటి నెపోలియన్ చట్టం వల్ల, పొలం ముక్కలవుతుందని భయపడి ఒకరిద్దరితో ఆపేశారని కొందరంటారు. చర్చి పట్టు సడలడం వల్ల అని మరికొందరు. పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏ ప్రభుత్వమూ చెప్పకుండా, ఏ మాత్రా గొట్టమూ లేకుండా లక్షలాది జంటలు తమంతట తాము తీసుకున్న నిర్ణయం అది అన్నది మాత్రం నిజం.

తప్పు ఎత్తిచూపే వేలు మలుపు తిరిగింది ఇక్కడే. 1721లో జనం తగ్గితే తప్పు రాజుది. 1900 నాటికి తప్పు తల్లిది అయింది. 1896లో జాక్ బెర్తియోన్ అనే వైద్యుడు ఫ్రెంచి జనాభా వృద్ధి కోసం ఒక జాతీయ సంఘం పెట్టాడు. పారిస్ నగర గణాంకశాఖకి అధిపతి ఆయన. చావులకి కారణాల్ని వర్గీకరించే అంతర్జాతీయ పట్టిక తయారుచేసిందీ ఆయనే. మన ఆస్పత్రుల్లో ఇవాళ మరణధ్రువపత్రాల మీద రాసే రోగసంకేతాలకి మూలం అది. నేరస్థుల కొలతలు, ఫోటోలు తీసే పద్ధతి పెట్టిన అల్ఫోన్స్ ఆయన తమ్ముడు. అన్న చావుల్ని కొలిచాడు, తమ్ముడు నేరస్థుల్ని కొలిచాడు. ఇద్దరి మధ్యా గర్భిణి కొలతల్లో పడింది. సంఘం మొదట్లో అడిగింది ఎక్కువ పిల్లలున్నవాళ్ళకి పన్ను రాయితీలు. పిల్లల సంఖ్యను బట్టి తండ్రికి అదనపు ఓట్లు ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా పార్లమెంటు చుట్టూ చాలాకాలం తిరిగింది. తల్లికి ఒక్క ఓటు కూడా లేని రోజులు.

యుద్ధం ముగిశాక, 1920 జులైలో, గర్భనిరోధం గురించి ప్రచారం చేస్తే జైలు అన్న చట్టం భారీ మెజారిటీతో గెలిచింది. గర్భస్రావాన్ని ప్రోత్సహించే మాట అన్నా శిక్షే. ఓటేసినవాళ్ళలో ఒక్క స్త్రీ లేదు, వాళ్ళని ఎన్నుకున్నవాళ్ళలోనూ లేదు. ఫ్రాన్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసింది 1945లో. అదే 1920లో ఎక్కువ పిల్లల్ని కన్న తల్లులకి పతకాలు పెట్టారు, కాంస్యం, వెండి, బంగారం. గర్భస్రావం కేసుల్లో జ్యూరీలోని మామూలు మనుషులు పదేపదే నిర్దోషులని వదిలేస్తున్నారని 1923లో ఆ కేసుల్ని జ్యూరీల నుంచి తప్పించి జడ్జీలకి అప్పగించారు. జ్యూరీలో కూర్చున్న రైతుకీ దుకాణదారుకీ ఇంట్లో సంగతులు తెలుసు మరి. జాంత్యూలో ఆ పిల్లాడి పిడికిలి చూస్తూ ఇదంతా తలుచుకుంటే కోపం వచ్చింది. 13 లక్షలమందిని కందకాల్లో పోగొట్టినవాళ్ళు, లోటు పూడ్చమని తల్లుల మీద చట్టం చేశారు.

జిల్లా కేంద్రం గెరేలో ఒక బేకరీకి వెళ్తే, గల్లాపెట్టె దగ్గరున్న ముసలావిడ నన్ను చూసి, మీరు రీయూనియన్ మనిషేనా అని అడిగింది. కాదు, ఇండియా అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు, రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ ప్రశ్న ఈ ఊళ్ళో ఎందుకు వస్తుందో నాకు తెలుసు.

రీయూనియన్ హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి దీవి. చెరకు తోటల కోసం మన తీరం నుంచి కూలీల్ని తీసుకుపోయిన చోటు. ఆ వరసలో తొలి ఓడలు 1828-29 ప్రాంతంలో మా యానాం నుంచే బయల్దేరాయి. తర్వాత ఎక్కువగా తమిళులు వెళ్ళారు గానీ, ఆ దీవి మొహాల్లో మా గోదావరి గట్టు పోలిక ఎక్కడో ఉండే ఉంటుంది. 1962 నుంచి 1984 మధ్య ఫ్రెంచి ప్రభుత్వం ఆ దీవి నుంచి 2,015 మంది పిల్లల్ని ఫ్రాన్స్ ప్రధాన భూభాగానికి తరలించింది. జనం తగ్గిపోతున్న గ్రామీణ జిల్లాలకి ఎక్కువమందిని పంపారు, క్రూజ్‌కి 200 పైగా వచ్చారు. అందులో అనాథలు కొద్దిమందే. చదువు చెప్పిస్తామని, సెలవులకి తిరిగొస్తారని అక్షరం రాని తల్లిదండ్రుల చేత వేలిముద్రలు వేయించుకున్న కథలు చాలా ఉన్నాయి. చాలామంది పొలాల్లో జీతం లేని పాలేర్లయ్యారు. 2014లో పార్లమెంటు ఇందులో రాజ్యానికి నైతిక బాధ్యత ఉందని తీర్మానం చేసింది.

ఇదంతా నడిచిన కాలంలో చాలాభాగం పార్లమెంటులో రీయూనియన్ ప్రతినిధి మిషెల్ దెబ్రే. అంతకుముందు ఫ్రాన్స్ ప్రధానమంత్రి. ఫ్రాన్స్‌కి జనం చాలడం లేదని జీవితమంతా వాదించిన మనిషి. అదే మనిషి దీవిలో జనం ఎక్కువైపోయారని వలసలకీ, సంతాన నియంత్రణకీ వెన్నుదన్నుగా నిలిచాడు. ప్రధాన భూభాగంలో 1920 చట్టం కింద గర్భనిరోధ ప్రచారం నేరంగా ఉన్న రోజుల్లోనే దీవిలో ఆ ప్రచారం జరిగింది. 1970లో సెయింట్ బెన్వా అనే ఊళ్ళో ఒక క్లినిక్ సంగతి బయటపడింది. వేరే జబ్బుకనో, మొదటి నెలల గర్భమనో వచ్చిన పేద స్త్రీలకి చెప్పకుండానే గర్భస్రావాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేశారు. వేలల్లో జరిగాయన్నారు. పారిస్‌లో అదే పని చేయించుకున్న తెల్ల స్త్రీని జైల్లో పెట్టే చట్టం అప్పటికింకా అమల్లోనే ఉంది. ఒకే జెండా, ఒకే పార్లమెంటు. ఒకచోట కనకపోతే నేరం, ఇంకోచోట కంటే నేరం. దేశానికి పిల్లలు చాలడం లేదని ఎవరైనా అన్నప్పుడు ఎవరి పిల్లలు అని అడగాలని నాకు క్రూజ్ నేర్పింది.

పారిస్‌లో నేను మొదట వెతుక్కుంటూ వెళ్ళింది పెర్ లషేజ్ శ్మశానానికి దగ్గర్లో ఉన్న ఒక పార్కు. పిల్లల జారుడుబల్లలు, బెంచీలు. వీధి వైపు రెండు పాత రాతి ద్వారమండపాలు మిగిలాయి. 1970ల దాకా ఇక్కడ చిన్న రోకెత్ అనే ఆడవాళ్ళ జైలుండేది. 1943 జులై 30న ఈ జైలు ఆవరణలో మరీ లూయీజ్ జిరో అనే చాకలిపని చేసుకునే ఆవిడకి గిలెటిన్‌తో తలనరికారు. షెర్‌బుర్ రేవు పట్నం మనిషి. 27 మందికి గర్భస్రావం చేసిందన్నది నేరం. వాళ్ళలో ఒకామె చనిపోయింది. జర్మన్ల పాదాల కింద ఉన్న ఫ్రాన్స్‌ని ఏలిన మార్షల్ పెతాన్, 1940 జూన్‌లో ఓటమికి కారణాలు చెబుతూ మొదట అన్నమాట పిల్లలు తక్కువవడం గురించే. తర్వాతే ఆయుధాలు, మిత్రులు తక్కువవడం గురించి. 1942 ఫిబ్రవరి చట్టంతో గర్భస్రావం రాజ్యం మీద నేరమైంది. క్షమాభిక్ష అర్జీని పెతాన్ తిరస్కరించాడు. 1988లో క్లోద్ షాబ్రోల్ ఈ కథని సినిమా తీశాడు.

పెతాన్ ఒక్కడి పాపంగా దాన్ని చూపడం ఫ్రెంచివాళ్ళకి సుఖం. చరిత్ర అంత సుఖంగా ఉండదు. పిల్లలున్న కుటుంబాలకి భత్యాలిచ్చే చట్టం 1932 నాటిది, కుటుంబ స్మృతి 1939 జులైలో గణతంత్ర ప్రభుత్వమే తెచ్చింది. పెతాన్ పాలన పోయాక 1945 మార్చిలో డీగాల్, ఫ్రాన్స్‌కి పదేళ్ళలో కోటీ ఇరవై లక్షలమంది అందమైన శిశువులు కావాలన్నాడు. అదే ఏడు అక్టోబరులో జాతీయ జనాభా పరిశోధన సంస్థ పుట్టింది. ఆల్ఫ్రెడ్ సోవీ దాని మొదటి డైరెక్టరు. మనల్నందర్నీ కలిపి ‘మూడో ప్రపంచం’ అని 1952లో పేరుపెట్టింది ఆయనే. ఆ పరిశోధన సంస్థ ఉద్యోగుల్లో కొందరు పెతాన్ కాలపు సంస్థ నుంచి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు. బయటనించి మనుషుల్ని రప్పించడానికీ ప్రభుత్వం సిద్ధపడింది. కాకపోతే ఉత్తరాది యూరప్ వాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వాలనీ, మధ్యధరా, తూర్పు దేశాలవాళ్ళ రాకకి హద్దు పెట్టాలనీ 1945 జూన్‌లో డీగాల్ తన న్యాయమంత్రికి రాశాడు.

ఇన్ని చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ భయంలోంచి మంచి కూడా పుట్టింది. ప్రసూతి సెలవులు, పిల్లల భత్యాలు, మూడేళ్ళకే చేర్చుకునే ఉచిత బడులు, ఉద్యోగానికి పోయే తల్లికి కాస్త ఊపిరి. చాలాకాలం యూరప్‌లో ఎక్కువమంది పిల్లలు పుట్టిన దేశాల్లో ఫ్రాన్స్ ముందుంది. బెదిరింపుతో పెరగని పుట్టుకలు, తల్లికి వెసులుబాటు దొరికాక కాస్త నిలబడ్డాయి. అయినా ఇప్పుడు మళ్ళీ జారుతున్నాయి. 2023లో పుట్టినవాళ్ళు 6 లక్షల 78 వేలు, స్త్రీకి సగటున 1.68 పిల్లలు. 2024 జనవరిలో అధ్యక్షుడు మాక్రాన్ జనాభా విషయంలో దేశం మళ్ళీ ఆయుధాలు సమకూర్చుకోవాలన్న ధోరణిలో మాట్లాడాడు. ఆయుధమన్న మాట ఆడవాళ్ళకి గుచ్చుకుంది, వీధుల్లో జవాబు చెప్పారు. ఆ మార్చిలోనే గర్భస్రావం చేయించుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోకి ఎక్కింది.

దేశం తన మహానుభావుల్ని ఖననం చేసే పాంథియన్ నేలమాళిగలో ఈ వాదులాట మొత్తం పక్కపక్కనే పడుకుని ఉంటుంది. దిగగానే రూసో. సమాధి తలుపు తెరుచుకుని అందులోంచి దివిటీ పట్టిన చెయ్యి బయటికి వస్తున్నట్టు చెక్కారు. జనం వృద్ధి అవడమే మంచి పాలనకి గుర్తన్న ఈ పెద్దమనిషి తన అయిదుగురు పిల్లల్నీ పుట్టగానే అనాథాశ్రమంలో వదిలేశాడు. ఇంకాస్త లోపల జోలా. అన్యాయంగా శిక్షపడిన సైనికాధికారి డ్రేఫస్ పక్షాన నిలబడి ఇంగ్లండులో తలదాచుకున్న రోజుల్లో ఆయన రాసిన నవల ‘ఫెకోందితే’లో నాయికా నాయకులకి 12 మంది పిల్లలు, వాళ్ళకి పిల్లలు, వాళ్ళకి మళ్ళీ పిల్లలు. కనని స్త్రీలందరికీ కథలో ఏదో ఒక శిక్ష పడుతుంది. ఆయనకి ఉన్నది ఇద్దరు, అదీ పెళ్ళాడిన భార్య వల్ల కాదు. జనం కావాలని రాసిన మగవాళ్ళ సొంత లెక్కలు చూడడం నాకు ఈ ప్రయాణంలో అలవాటైపోయింది, కొంచెం అల్పబుద్ధే అనుకోండి.

సిమోన్ వేయ్ సమాధి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. నాజీ మృత్యుశిబిరం నుంచి బతికి వచ్చిన మనిషి, 1974 నవంబరు 26న ఆరోగ్యమంత్రిగా, దాదాపు అందరూ మగవాళ్ళే ఉన్న సభలో నిలబడి గర్భస్రావాన్ని నేరం కాకుండా చేసే బిల్లు ప్రవేశపెట్టింది. చట్టం 1975 జనవరిలో వచ్చింది. ఆ చర్చలో జనాభా పడిపోతుందన్న వాదంతో ఎదురు నిలిచినవాళ్ళలో రీయూనియన్ ప్రతినిధి దెబ్రే ఉన్నాడు. సెయింట్ బెన్వా క్లినిక్ కథ బయటపడి అప్పటికి నాలుగేళ్ళు.

ఆ వారమే, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసిందని ఫోన్లో చదివాను. ఇక ముగ్గురు నలుగురున్నా సర్పంచిగా నిలబడవచ్చు. రైల్లో ఆ కుటుంబానికి చెప్పిన మాట వారం తిరక్కుండానే పాతబడింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకుముందు అక్టోబరు నుంచే ఎక్కువమంది పిల్లల్ని కనమంటూ వచ్చారు, ముసలివాళ్ళు పెరిగిపోతున్నారన్నది ఆయన కారణం. అదే రోజుల్లో తమిళనాట స్టాలిన్ లోక్‌సభ సీట్ల సంగతి ఎత్తారు. 1976లో 42వ సవరణతో, మళ్ళీ 2001లో 84వ సవరణతో, 1971 జనాభా మీదే ఆపిన సీట్ల పంపకం 2026 తర్వాతి జనాభా లెక్కలతో మారవచ్చు. చెప్పినమాట విని పిల్లల్ని తగ్గించుకున్న రాష్ట్రాలకి బలం తగ్గుతుందన్న బాధలో న్యాయముంది. ఆ బాధకి మందు సీట్ల లెక్కలో వెతకాలి గానీ గర్భాశయంలో కాదన్నది నా పేచీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 పిల్లలు. పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ అయినవాళ్ళే, అదీ చాలామందికి పాతికేళ్ళు నిండకముందే. గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం చూస్తూ పెరిగిన తరం మాది. లక్ష్యాలు పెట్టుకుని, లెక్క చూపించుకుని, జీపుల్లో తరలించి చేసిన ఆపరేషన్ల తరం మా అమ్మది.

పాంథియన్ మెట్లు దిగుతుంటే మా పిన్ని దగ్గర్నించి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. పిన్నికి ఇరవై రెండో ఏట, రెండో కాన్పయిన వారానికే ఆపరేషన్ అయింది. వెనక టీవీ మోగుతోంది.

“ఏవే, అక్కడ పిల్లల్లేరని ఏడుస్తున్నారన్నావు గదా, ఇక్కడా మొదలెట్టారు. ఇంకా కనండి కనండి అంటన్నారు టీవీలో. అప్పట్లో నన్ను జీపెక్కించి తీసుకెళ్ళిన నర్సమ్మ కాకినాడలోనే ఉందంట, కోడలు చెప్పింది. వచ్చాక ఓసారి వెళ్దాం. కుట్లు విప్పుతుందేమో అడుగుదాం.”